రెండు బల్బుల పెట్టె

కరెంటుతో వేడి కూడా పుట్టించవచ్చని నాకు తెలిసింది వికారాబాదులో, మా నాన్న తోటపని చేసే డాక్టరమ్మ బంగళాలో. పోలీస్ యాక్షన్ అయిపోయాక వచ్చిన మొదటి చలికాలం అది. నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. అనంతగిరి గుట్టల మీంచి దిగే చలి బంగళా దాకా వచ్చేది. పొద్దున మొక్కలకు నీళ్లు పట్టి వచ్చాక మా నాన్న వేళ్లు పాలిపోయి, చాలాసేపు ముడుచుకునేవి కావు. ఆ ఏడు డాక్టరమ్మ బొంబాయి నుంచి ఒక హీటరు తెప్పించారు. తళతళలాడే గుండ్రటి పళ్లెం, దాని నడుమ పింగాణి దిమ్మకు చుట్టిన తీగ.

ఊళ్లో అప్పటికి మాలాంటి వాళ్ల ఇళ్లలో కరెంటు లేదు. ఆస్పత్రికి మాత్రం సొంత ఇంజను ఉండేది. పొద్దుగూకాక కొన్ని గంటలు నడిచేది. ఆ సాయంత్రం డాక్టరమ్మ హీటరు మీట నొక్కితే తీగ మెల్లగా ఎర్రబడింది. నేను దాని ముందు గొంతుక్కూర్చుని చేతులు చాపాను. పొగ లేదు, బూడిద లేదు, ఊదే పని లేదు. మా అమ్మ పొయ్యి ముందు కళ్లు తుడుచుకోవడం గుర్తొచ్చి, ఇది మా ఇంట్లో ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. అంతలో కాంపౌండరు పరుగున వచ్చి వార్డులో దీపాలు గుడ్డివైపోయాయని చెప్పాడు. డాక్టరమ్మ వెంటనే మీట ఆపేశారు. దాన్ని గుడ్డలో చుట్టి మంచం కిందికి తోశారు. నేను చూసినంతలో అది మళ్లీ బయటికి రాలేదు.

నేను ఏడో తరగతి దాకా చదివి, పదహారేళ్లకు అదే ఆస్పత్రిలో ఆయాగా చేరాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి కాపాడటం చూశాను. సీసా చల్లారకముందే మార్చడం నా పని. అప్పటికి అది ఉద్యోగంలో ఒక పని మాత్రమే.

పెళ్లయి తాండూరు వచ్చాను. మా ఆయన పప్పు మిల్లులో ఇంజను నడిపేవారు. ఆయనకు తల్లి తప్ప ఎవరూ లేరు. మా అత్తమ్మ చిన్నప్పటి నుంచి పరాయి చేలల్లో కూలి చేసిన మనిషి. మాట తక్కువ, చెయ్యి చురుకు. మాది రెండర్రల ఇల్లు. తాండూరులో రాయికి కరువు లేదు కదా, గోడలు బండలే, కింద బండలే, పైకప్పు కూడా సగం బండలే. ఎండాకాలం ఆ ఇంటికి దండం పెట్టుకునేవాళ్లం. మార్గశిరం వచ్చిందంటే మాత్రం తెల్లవారుజామున కాలు కింద పెడితే జివ్వుమని చలి మోకాళ్ల దాకా ఎక్కేది. పొయ్యి పొగకు అత్తమ్మకు ఎప్పుడూ దగ్గు. రొట్టెలు చేసినంతసేపూ దగ్గుతూనే ఉండేది. నేను చేస్తానంటే ఊరుకునేది కాదు.

మా పెళ్లయిన మూడో ఏడు మా వీధికి కరెంటు వచ్చింది. మిల్లులో కూడా నూనె ఇంజను పక్కకు పెట్టి మోటరు బిగించారు. మా ఇంట్లో రెండు బల్బులు వెలిగాయి. మా ఆయనకు అది చాల్లేదు. ఒకసారి మిల్లు పని మీద హైదరాబాదు వెళ్లి, వస్తూ వస్తూ చంకలో ఒక అట్టపెట్టె పట్టుకొచ్చారు. విప్పి చూస్తే హీటరు. నేను చిన్నప్పుడు చూసిన దానికి తమ్ముడిలా ఉంది. మట్టి పలక మీద పాములా చుట్టిన తీగ.

"అమ్మా, ఇగ నువ్వు పొగల కూసునేదిల్లేదు," అన్నారాయన.

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంట లేకుంట రొట్టె ఎట్ల పొంగుతది కొడుకా? సరే తియ్యి, చాయ్ పెట్టి సూద్దాం."

చాయ్ గిన్నె పెట్టి మీట నొక్కాము. తీగ ఎర్రబడుతుండగానే టప్పుమని చప్పుడై ఇల్లంతా చీకటైంది. చూరు కింద ఫ్యూజు కాలిన వాసన. మర్నాడు లైన్‌మన్ వచ్చాడు. కన్నడం వైపు వాడు, ఇంకా పాతికేళ్లు లేవు. మాటలో రెండు భాషలూ కలిసిపోయేవి. ఫ్యూజు వేసి, హీటరును చూసి నవ్వాడు.

"నోడ్రి అక్కా, గీ తీగ రెండు బుగ్గల కోసం ఏసింది. దాని మీద గింత బరువేస్తె ఆగుతదా? దీనికి లావు తీగ, వేరే మీటరు కావాలె. అవి మీ వీధికి ఇంకా రాలె."

బల్బును బుగ్గ అనడం అక్కడి అలవాటు. హీటరు అటక ఎక్కింది. కొడుకు మనసు నొచ్చుకుంటుందని అత్తమ్మ తప్పు పట్టలేదు. "పైసలు పోతె పోయినయి, నీ ఉషారు మంచిదే," అని పొయ్యి ముట్టించింది.

ఆ మరుసటి ఏడు చలికాలం నాకు ఏడో నెల నిండగానే నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం వేళ ఇంట్లోనే కాన్పు అయింది. సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చి కాన్పు చేసింది. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఒదిగిపోయేంత ఉంది. ఏడుపు పిల్లికూన మూలిగినట్టు ఉంది. వికారాబాదు ఆస్పత్రికి తీసుకుపోతానని నేను పట్టుబట్టాను. నర్సమ్మ ఒప్పుకోలేదు.

"రైలు పెట్టెల గా చలిగాలికి బిడ్డ వికారాబాదు దాకా ఆగదమ్మా. నువ్వు ఆయమ్మ పని చేసినవు కద, నీకు తెలుసు. పాలు పిండి చుక్కచుక్క పొయ్యి. వెచ్చగ ఉంచు. నెల రోజులు కాపాడితే పిల్ల నీది."

వెచ్చగా ఉంచడమే కదా అనుకున్నాం. ఆ బండల ఇంట్లో అదే కష్టమైంది. వేడినీళ్ల సీసాలు పెట్టాను. అరగంటకే చల్లబడేవి. అత్తమ్మ తనకు తెలిసిన ఉపాయం చేసింది. కుంపట్లో బొగ్గులు రాజేసి అర్రలో పెట్టి, తలుపు, కిటికీ బిగించింది. గది వెచ్చబడింది. కానీ కాసేపటికి నా తల తిరగడం మొదలైంది. అత్తమ్మ లేవబోయి గోడ పట్టుకుంది. అదృష్టం కొద్దీ అప్పుడే నర్సమ్మ బిడ్డను చూడటానికి వచ్చింది. తలుపు తోసి, కుంపటిని కొంగుతో పట్టుకుని వాకిట్లోకి గిరాటేసింది.

"తలుపేసిన అర్రల బొగ్గులు పెడ్తరా? మీరు ముగ్గురు పడుకున్నోళ్లు పడుకున్నట్టే పోదురు."

అత్తమ్మ వాకిట్లో కూలబడింది. తన చేత్తో మనవరాలిని చంపుకునేదాన్నని ఆమె భయం. నేను వెళ్లి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి ఆమె లేచి లోపలికి వచ్చి, రవిక విప్పి, బిడ్డను తన రొమ్ముకు ఆనించుకుని చీర చుట్టుకుంది. "నా ఒంటి కాకకు పొగ రాదు కద," అంది. ఆ రోజు నుంచి నేను పడుకున్నప్పుడల్లా బిడ్డ ఆమె రొమ్ము మీదే ఉండేది.

మా ఆయన అటక మీంచి హీటరు దింపారు. లైన్‌మన్‌ను పిలుచుకొచ్చి, ఏదో ఒకటి చేసి ఇది వెలిగేటట్టు చేయమని అడిగారు. లైన్‌మన్ బిడ్డను చూశాడు. హీటరును చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, దీని తీగ అంతా బయటికే ఉన్నది. ఒక్క గుడ్డ పోగు తగిలినా నిప్పే. ఇంత చిన్న పిల్లకు ఇంత మంట ఎందుకు? వెలిగే బుగ్గను ఎప్పుడన్న ముట్టిన్రా? చెయ్యి కాలుతది. బుగ్గ ఇచ్చేది వెలుగు తక్కువ, వేడే ఎక్కువ. మీ తీగ బుగ్గలను ఎట్లయినా మోస్తది."

మా ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఇద్దరూ మిల్లుకు వెళ్లి సామాను వచ్చిన ఒక చెక్కపెట్టె తెచ్చారు. కాళ్ల వైపు రెండు బల్బులు బిగించి, అవసరమైతే మూడోది పెట్టడానికి చోటు ఉంచి, వాటికీ బిడ్డకూ నడుమ చిల్లుల రేకు ఒకటి అడ్డం పెట్టారు, కళ్లలో వెలుగు పడకుండా, గుడ్డ అంటకుండా. తల వైపు గాలి ఆడటానికి తెరిచి ఉంచారు. నర్సమ్మ దవాఖాన మందుల బీరువాలో వేలాడే వేడి కొలిచే గాజు గొట్టాన్ని తెచ్చి ఇచ్చింది. దానికి రెండు దారాలు కట్టింది, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు.

"తెల్లదారం కిందికి దిగితే ఇంకో బుగ్గ వెయ్యి. ఎర్రదారం దాటితే ఒకటి ఆర్పు. గింతే. పెట్టెల తడిగుడ్డ ఒకటి పెట్టు, గాలి ఎండిపోవద్దు," అంది.

పక్కింట్లో ఒక గొల్ల ముసలామె ఉండేది. మందలు తిప్పిన కాలం నాటి నల్ల గొంగడి ఒకటి ఎండలో వేడెక్కించి తెచ్చి పెట్టె అడుగున మెత్తగా మడిచి పరిచింది. "ఇది వానకు తడవది, చలికి వణకది," అని అంతే చెప్పి వెళ్లింది.

పగలంతా పెట్టె చక్కగా పనిచేసింది. పాదరసం రెండు దారాల నడుమ నిలబడింది. కాన్పయ్యాక నేను మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. పొద్దుగూకే వేళకు మాత్రం రెండు బల్బులూ మెల్లగా ఎర్రగా మారాయి. నిప్పు చల్లారబోతున్నట్టు తీగ ఒక్కటే కనబడేది. పాదరసం తెల్లదారం కిందికి జారింది. ఇంకో బల్బు వేస్తే అదీ అంతే. బిడ్డను మళ్లీ అత్తమ్మ తన రొమ్ముకు చుట్టేసుకుంది. అలా రెండు మూడు రోజులు గడిచాయి. పగలు పెట్టె, సాయంత్రం అత్తమ్మ. ఆమె ఒళ్లు కూడా అలిసిపోయింది. దగ్గు వచ్చినప్పుడు బిడ్డ ఉలిక్కిపడేది. ఆ పిల్లను ఉలిక్కిపడనివ్వకూడదని ఆమె దగ్గును గొంతులోనే నొక్కుకోవడం నేను చూశాను.

లైన్‌మన్‌ను అడిగితే కారణం చెప్పాడు. "సాయంత్రం అందరు దీపాలేస్తరు. దాని మీద మిల్లు మోటరు. అన్నీ ఒక్క తీగ మీదే. మీ ఇల్లు తీగకు ఆఖరున ఉన్నది. ముందటోళ్లు తోడుకోంగ మిగిలిందే మీకు."

ఆ మిల్లు మోటరు నడిపేది మా ఆయనే. అది కందుల కాలం, బస్తాలు బయట గుట్టలు పడి ఉండేవి. మోటరు ఆపమని మిల్లు యజమాని సేఠును ఎలా అడగాలా అని ఆయన ఒక రోజంతా తటపటాయించారు. చివరికి అడిగారు. జరిగింది ఇంటికొచ్చి మాకు చెప్పారు.

సేఠు అంతా విని, "పని ఆపుడు కాదు గని," అన్నాడట. "ఆ పాత ఇంజను ఇంక నడుస్తదా?"

"నడుస్తది సేఠ్. రెండు రోజులు సాఫ్ చేస్తె మంచిగ నడుస్తది."

"మరి సాయంత్రం పూట దాన్నే నడుపు. జర డీజిల్ ఖర్చయితది, కానియ్. నా మనవరాలు గిట్ల పుట్టి రెండు దినాలు గూడ ఉండలేదు." అంతే చెప్పి లోపలికి వెళ్లిపోయాడట.

ఇంజను శుభ్రం చేయడానికి మా ఆయనకు రెండు రోజులు పట్టింది. ఆ సాయంత్రం మిల్లు వైపు నుంచి టకటకమని పాత చప్పుడు వినబడగానే అత్తమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. బల్బులు ఎప్పటిలా ఎర్రబడతాయని నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. కాస్త కూడా ఎర్రబడలేదు. మధ్యాహ్నం ఎలా వెలిగాయో అలాగే వెలిగాయి. పాదరసం దారాల నడుమే ఉంది. ఒక్క మిల్లు ఆగితేనే ఇంత తేడా వస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. అత్తమ్మ బయటికి వెళ్లి చూసి, లోపలికి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"ఏమైంది అత్తమ్మా?"

"వీధంత చీకటిగున్నది బిడ్డా. కరెంటు పోలేదు. అందరు ఆర్పుకున్నరు. ఇంటింటికి కందిళ్లు ముట్టించుకున్నరు."

నేను లేవకూడని స్థితిలో ఉన్నా లేచి గుమ్మం దాకా వెళ్లాను. నిజమే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఇంట్లో కూడా బల్బు వెలగడం లేదు. పాత లాంతర్ల పచ్చటి వెలుగులో వంటలు చేసుకుంటున్నారు, పిల్లలు చదువుకుంటున్నారు. మేము ఎవరినీ అడగలేదు. లైన్‌మన్ సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి చెప్పాడని తర్వాత తెలిసింది. పక్కింటి ముసలామెను నేను గుమ్మంలోంచే పలకరించి, మీకందరికీ మా వల్ల ఇబ్బంది అన్నాను.

"ఏం ఇబ్బందే? బుగ్గ నిరుడు వచ్చింది. దానికి ముంగట మేం బతకలేదా?" అంది ఆమె. "లోపలికి పో. గాలి తగులుతది."

నేను లోపలికి వచ్చి పెట్టె పక్కన కూర్చుని ఏడ్చాను. కాన్పు అయినప్పటి నుంచి ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

అలా నెల మీద కొన్ని రోజులు నడిచింది. మధ్యలో ఒకసారి పెద్దగాలికి ఊరి బయట తీగ తెగి తెల్లవారగానే కరెంటు పోయింది. మా ఆయన పరుగెత్తి వెళ్లేసరికే లైన్‌మన్ స్తంభం మీద ఉన్నాడట. చలికి చేతులు పట్టు చిక్కక రెండుసార్లు పటకారు జారవిడిచాడట, మా ఆయన కింద నిలబడి తీసిచ్చారు. కరెంటు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అంతసేపూ బిడ్డ అత్తమ్మ రొమ్ము మీదే ఉంది. నేను వాళ్లిద్దరినీ గొంగడితో చుట్టి, బయట ఎండ పడగానే ఎండలోకి తీసుకుపోయాను. బల్బులు వెలిగాక లైన్‌మన్ వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టి చూసి, "హౌదు, వెచ్చగుంది," అని పనికి వెళ్లిపోయాడు.

బిడ్డ మెల్లగా ఒళ్లు చేసింది. ముడతలు పోయాయి. ఏడుపుకు గొంతు వచ్చింది. మాఘమాసం ఎండ కాస్త ముదిరాక, మధ్యాహ్నం రైలుబండిలో వికారాబాదు తీసుకెళ్లాను. డాక్టరమ్మ తల నెరిసిపోయింది గానీ ఇంకా అక్కడే ఉన్నారు. బిడ్డను తూచి, గుండె విని, కళ్లు చూసి, చివరికి నన్ను కూర్చోబెట్టి ఆ పెట్టె సంగతి అంతా అడిగారు. ఎన్ని బల్బులు, రేకుకు ఎన్ని చిల్లులు, తడిగుడ్డ ఎక్కడ పెట్టారు, కరెంటు పోతే ఏం చేశారు. నేను చెబుతుంటే కాగితం మీద బొమ్మ గీసుకున్నారు.

"పెట్టె సగం కాపాడింది. ఇంకో సగం మీ అత్తమ్మ," అన్నారు డాక్టరమ్మ. "రెండూ అవసరమే. ఇక్కడ కూడా ఒకటి చేయిస్తాను."

చేయించారు కూడా. తర్వాతి ఏడు వెళ్లినప్పుడు వార్డు మూలన చూశాను. మాది మిల్లు పెట్టె, వాళ్లది నున్నగా రంగు వేసిన టేకు చెక్క. మా పెట్టె కూడా ఖాళీగా లేదు. మా వీధిలోనే రెండిళ్లకు, రైలు గేటు అవతల ఒక ఇంటికి వెళ్లి వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ ఆ ఇంటి చుట్టుపక్కల వాళ్లు సాయంత్రం దీపాలు ఆర్పుకునేవారు. అదొక ఆనవాయితీ అయింది.

ఇక హీటరు సంగతి. నాలుగైదేళ్లకు మా వీధికి లావు తీగలు వచ్చాయి. వేరే మీటరు బిగించి, అటక మీది హీటరును వంటింట్లో బండ మీద పెట్టాం. దాంతో ఇల్లంతా మారిపోయిందని చెప్తే అబద్ధం. రొట్టెలు దాని మీద పొంగలేదు, అత్తమ్మ ముందే చెప్పినట్టు. స్నానాలకు కాగులో నీళ్లు కట్టెలతోనే కాగేవి. సాయంత్రం పూట తీగ నల్లగానే ఉండి, గిన్నె గోరువెచ్చన కూడా అయ్యేది కాదు. ఏడాదికి రెండుసార్లు తీగ తెగేది, మా ఆయన పటకారుతో మెలిపెట్టి అతికించేవారు. అతికించిన ప్రతిసారీ తీగ కాస్త పొట్టిదై ఇంకా ఎర్రగా కాలేది.

కానీ పొద్దున్నే కరెంటు బాగుండేది. చాయ్, పాలు, అత్తమ్మ మొహం కడుక్కునే నీళ్లు, మా అమ్మాయి గుడ్డలకు వేడినీళ్లు, ఇవన్నీ పొగ లేకుండా అయిపోయేవి. పొయ్యి దగ్గర అత్తమ్మ కూర్చునే సమయం సగానికి సగం తగ్గింది. తర్వాతి రెండు చలికాలాల్లో ఆమె దగ్గు కూడా తగ్గింది. ఒక పొద్దున ఆమె చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎర్రటి తీగ వంక చూస్తూ, "మంచిదే తెచ్చిండు నా కొడుకు. జర ముందుగాల తెచ్చిండు, అంతే," అంది. మా ఆయన మిల్లుకు పోతూ ఆ మాట విని, రోజంతా సంతోషంగా ఉన్నారు.

నాకు ఆ రోజుల్లో చదువు తక్కువ, లోకం తక్కువ. కొత్త వస్తువు ఇంటికి వస్తే సుఖం కూడా దాని వెంటే వస్తుందనుకునేదాన్ని. వస్తువు రావడానికి ఒక మనిషి స్తంభం ఎక్కాలి. అది పనిచేయడానికి పదిమంది తమ ఇంట్లో దీపం ఆర్పుకోవాలి. ఇది నాకు నేర్పింది మా వీధి. వాళ్లందరికీ విడివిడిగా కృతజ్ఞత చెప్పుకోవాలనే ఉండేది. కొందరికి చెప్పాను. చాలామందికి చెప్పలేదు. పండక్కి చేసిన అరిసెలు పంచి ఊరుకున్నాను.

మా అమ్మాయి బడిలో చేరిన ఏడు లైన్‌మన్‌కు సేడం దారిలో, సరిహద్దుకు ఇవతలి ఊరికి బదిలీ అయింది. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చాడు. అత్తమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టింది. తింటున్నంతసేపూ మా అమ్మాయి అతని సైకిల్ గంట మోగిస్తూనే ఉంది. మేము వారిస్తే, "ఉండనీండ్రి అక్కా," అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, మీటరు పెట్టె దగ్గరికి వెళ్లి తీగలు ఒకసారి లాగి చూశాడు. వదులుగా ఉన్న మర ఒకటి బిగించాడు. తర్వాత మా అమ్మాయిని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పి తెచ్చి దింపి, స్టేషను వైపు వెళ్లిపోయాడు.